రెండు భాషల బడికి ఆఖరి ప్రయాణం

నల్లగొండ బస్టాండులో ఉదయం ఆరున్నరకు దేవరకొండ బస్సెక్కాను. అచ్చంపేట దగ్గరి లంబాడీ తండాలో ఐదేళ్ల కింద మేం కొందరం కలిసి పెట్టిన పసిపిల్లల బడిని ఉంచాలో మూయాలో ఆ రోజు పదకొండింటికి తండావాళ్లు కూర్చుని తేల్చుకుంటారని కబురొచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాడు.

దేవరకొండలో ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకు అచ్చంపేట బస్సు పట్టుకున్నాను. పక్క సీటామె ఎక్కడికని అడిగింది. పొద్దటిపూట లంబాడీలో, అన్నాలయ్యాక తెలుగులో చెప్పే బడికని కొంచెం గొప్పగానే చెప్పాను. "లంబాడి ఇంట్ల రాదా ఏంది, బడిల నేర్పుడెందుకు?" అంది. ఇంటి మాటలో ఊహ తెలిసిన పిల్లకు రెండో మాట తొందరగా పట్టుబడుతుందని డిండి దాటేదాకా నచ్చజెప్పాను. అప్పటికామె నిద్రపోయింది.

ఆటో దిగి తండాలోకి వెళ్లేసరికి పదిన్నర దాటింది. బడి గదిలో సోమ్లి అవ్వ ఒక్కతే ఉంది. లంబాడీ పూట ఆమెది. జొన్నపిండి ముద్దతో ఆవు, మేక, పులి చేసి కథ చెప్పేది. కథయ్యాక ఆ బొమ్మల్నే తట్టి రొట్టెలు కాల్చి పెట్టేది. పులి రొట్టె కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు. తెలుగు పూట టీచరు నిరుడు పెళ్లై వెళ్లిపోయింది. ఆమె చోట ఇంకొకరిని పంపలేకపోయాం. ఆ తప్పు మాదే.

పదకొండింటికి తండావాళ్లు కూర్చున్నాక మాట పది నిమిషాలు కూడా సాగలేదు. పిల్లలందరూ అప్పటికే అచ్చంపేట ఇంగ్లీషు బడి వ్యానెక్కి పోతున్నారు. నేను ఇంటి భాష గొప్పతనం మొదలుపెట్టగానే తండా పెద్దమనిషి రూప్లా మర్యాదగానే అడిగాడు.

"మేడం, మీ బిడ్డ ఏ బడిల చదివింది?"

ఇంగ్లీషు బడిలోనే అన్నాను. ఒళ్లు మండింది, కానీ అతని మీద కాదు. బడి మూసేయాలని తేల్చేశారు.

ఆటో దాకా అవ్వ నాతో నడిచొచ్చింది. "మేడం, గా వ్యాను బడిల నాకు ఆయా పని ఇప్పియ్యుండ్రి. మీరు చెప్తే వింటరు," అంది. మళ్లీ తనే, "లంబాడి మాట్లాడదని చెప్పుండ్రి. పిల్లలు అడిగినా మాట్లాడ."

అచ్చంపేటలో దిగి నేరుగా ఆ బడికే వెళ్లాను. అవ్వ చెప్పమన్నట్టే చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

రెండుంబావు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ దారిలో ఎన్నోసార్లు, ఏదో మేలు చేసి వస్తున్నాననుకుంటూ తిరిగొచ్చాను. ఈసారి ఒక ముసలామె నోరు మూయించి వస్తున్నాను.