అవ్వ నడిచిన దగ్గర దారి

మా చిన్నప్పుడు... వానలు పడి మునివెంకటప్ప తాత చేను దున్నాడంటే చాలు, మా దారి మాయమైపోయేది.

ఊరి నుంచి రోడ్డుకు పోవాలంటే ఆ చేను మధ్యలోంచే నడిచేవాళ్ళం. బండి బాట పట్టుకుంటే చుట్టు తిరుగుడు. ఏడాదంతా అందరి కాళ్ళూ పడి నున్నగా తేలిన దారిని తాత నాగలి ఒక్క పూటలో మట్టిలో కలిపేసేది.

మేం ఊరుకుంటామా... పుస్తకాల సంచులు ఊపుకుంటూ మెత్తటి దుక్కిలో అడ్డంగా పరుగు. తాత గట్టు మీద నుంచి కేకలు వేసేవాడు.

"ఒరేయ్, మీరు తొక్కితే అది దారి గాదురా! మీ అవ్వను రానీండి!"

అవ్వ అంటే మా నాయన తల్లి. పొద్దున్నే నెత్తిన పాల క్యాను పెట్టుకుని రోడ్డు పక్కనున్న పాల డెయిరీకి వెళ్ళేది. రాగులు విత్తే ముందు తాత ఆమెను పిలిచి, నిండు క్యానుతో చేను దాటించేవాడు. ఆమె అడుగుల జాడకు అటూ ఇటూ విత్తి, నడుమ సన్నగా వదిలేసేవాడు. "నా రాగులన్నీ మీ కాళ్ళ కిందికే పాయ వదినా... సంగటి లేకుంటే మీ ఇంటికే వస్తా" అని ఏటా గొణుక్కునేవాడు. ఏటా ఆమె కోసమే ఆగేవాడు కూడా.

అవ్వ తిన్నగా నడిచేది కాదు. నడుమ ఉన్న రాతి దిన్నె ఎక్కకుండా, పల్లంలోకి దిగకుండా వంపు తిరిగి పోయేది. నాకేమో నవ్వు... ఆ రోజుల్లో వాకిట్లో బెల్లం ముక్క వేసి చీమల బారును చూస్తూ కూర్చునే పిచ్చి నాది. బారుకు అడ్డంగా పుల్ల పెడితే కాసేపు చెల్లాచెదురయ్యేవి. తర్వాత ఏ పక్క దగ్గరైతే ఆ పక్కకే అన్నీ చేరేవి.

"చీమకుండే తెలివి నీకు లేదే అవ్వా! తిన్నగా పోతే దగ్గర గదా!"

"నీకు దగ్గరమ్మా. నెత్తిన క్యాను ఉండేదానికి ఇదే దగ్గర. యాడ కాలు జారుతాదో నాకు తెల్సు."

ఆ మాట విలువ నాకు పోయినేడు తెలిసింది... తెలిసి కడుపు మండింది.

మా ఊరికి దగ్గర్లోని నరసాపురంలో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. కంపెనీ బస్సు మా ఊరి గేటు దాకా వచ్చేది. గేటంటే తలుపు కాదు లెండి, రోడ్డు మీద ఊరికి తిరిగే మలుపును మా వైపు అలాగే అంటాం. కాన్పుకని సెలవు పెట్టి తిరిగి వెళ్ళేసరికి మా స్టాప్ లేదు. రూట్లన్నీ కంప్యూటర్ కొత్తగా వేసిందట. హైవే దాటి అవతల ఎక్కాలట. నాది పెద్దాపరేషన్ కాన్పు... కుట్లు ఇంకా లాగుతున్నాయి. అంత దూరం నడిచి, లారీల మధ్య రోడ్డు దాటేసరికి కళ్ళు తిరిగేవి.

బస్సుల పని చూసే ఆయన్ను అడిగాను.

"ఏం చేసేదమ్మా, అంతా లెక్కేసి తీసిన రూటు. ఇంతకంటే దగ్గర దారి లేదంట. డీజిలు మిగుల్తాది, టైం మిగుల్తాది."

"దగ్గరంటే ఎవురికి అన్నా?"

ఆయన నవ్వేశాడు. "బస్సుకమ్మా! ఇంగెవురికి?"

ఎద్దు పుండు కాకికి నొప్పా...

నిజం చెప్పాలంటే ఆ లెక్క తప్పు కాదు. బస్సుకు దగ్గరైంది. మరి తగ్గిన దూరం ఎక్కడికి పోయింది? నా కాళ్ళ మీదికి వచ్చింది. నా కాళ్ళు ఆ లెక్కలో లేవు, అంతే. బస్సు అందక ఆలస్యం, ఆలస్యానికి మాటలు... చివరికి "రేపట్నుంచి రావద్దమ్మా" అన్నారు. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. యూనిఫాం వేసుకుంటే నా నడకే మారిపోయేది. ఇప్పుడది బీరువాలో మడత పెట్టి ఉంది. తీసి చూడబుద్ధి కాదు.

తాత చేను ఇప్పుడు లేఅవుట్. చుట్టూ కాంపౌండు గోడ. లోపల రోడ్లు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి... ఒక్కటీ మా ఊరి వైపు రాదు. పాల క్యాన్లు మోసేవాళ్ళు గోడ చుట్టూ తిరిగి పోతున్నారు.

మొన్న బిడ్డను చంకనేసుకుని ఆ గోడ పక్కన నడుస్తూ ఒకచోట ఆగిపోయాను. గోడ అవతల, సరిగ్గా అక్కడే అవ్వ వంపు తిరిగేది.

ఇప్పుడు దార్లు వేసేవాళ్ళకు కొదవ లేదు. "ముందు నువ్వు నడిచి చూపించమ్మా" అని అడిగేవాళ్ళే లేరు... మీ ఊళ్ళో అడిగేవాళ్ళా? ఎవరిని నడిపించేవాళ్ళు? చెప్పండి... వినడానికైనా బాగుంటుంది.