కడుపునొప్పి అని రాయించాను

ఆ ఓపీ చీటీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. ఆస్పత్రి మీద అసహ్యం, కౌంటరు గుమాస్తా మీద అసహ్యం, అందరికంటే ఎక్కువ నా మీద.

గోదావరి కాలువ చివరి ఊరు మాది. చుట్టూ రొయ్యల చెరువులు. మా తమ్ముడు పంతొమ్మిదేళ్లకే ఆ చెరువుల్లో మేత వేసే పనికి కుదిరి, గట్టు మీద గంజాయి మరిగాడు. అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్లేది. వాడు తిండి మానేసి, చేతులు వణుకుతూ పడుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ "నీరసమమ్మా" అని సెలైన్ పెట్టేవాడు. మూడుసార్లు పెట్టాడు. అసలు సంగతి ఆ పెద్దమనిషికి బాగా తెలుసు. ఆయన కొడుకు కూర్చునేదీ ఆ గట్టు మీదే.

చివరికి తమ్ముడే అడిగాడు. "అక్కా, నా వల్ల కావట్లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తావా?" నేను బట్టల షాపులో సెలవు పెట్టి, వాణ్ని తీసుకుని మొదటి బస్సెక్కాను.

కౌంటరు ముందు వరుస వరండా దాకా ఉంది. వాంతి, ఫినాయిలు కలిసిన కంపు. గుమాస్తాకి ఒక దిక్కుమాలిన అలవాటు: ఎవరు ఏ జబ్బు చెప్పినా కంప్యూటర్లో కొడుతూ గట్టిగా పైకి చదువుతాడు. మా ముందు పెద్దాయన మొలలు అనగానే అదీ అలాగే చదివాడు. వరుసంతా కిసుక్కున నవ్వింది. మా వెనక నిలబడింది అమ్మతో పాటు షెడ్డులో పనిచేసే మా వీధి పిన్ని.

"ఏంటమ్మా ప్రాబ్లం?" అన్నాడు గుమాస్తా.

తమ్ముడు కిటికీ దగ్గరికి వంగి, "గంజా..." అన్నాడు. నేను వాడి చెయ్యి గట్టిగా నొక్కి, "కడుపునొప్పండి" అన్నాను.

"కడుపునొప్పి" అని అందరికీ వినిపించేలా చదివి, చీటీ నా చేతిలో పెట్టాడు.

డాక్టరుగారు చీటీ చూశారు గాని వాడి ముఖం చూడలేదు. వణికే చేతులు ఆయన బల్ల మీదే ఉన్నాయి. పొట్ట మీద రెండు వేళ్లతో నొక్కి, "కారం తగ్గించు" అన్నారు. ఇప్పుడైనా చెబుతానేమోనని తమ్ముడు నా వంక చూశాడు. గుమ్మంలో పిన్ని తన వంతు కోసం నిలబడి ఉంది. గ్యాస్ మాత్రలు రాయించుకుని లేచాను. బయటికొస్తూ వ్యసన విముక్తి కేంద్రమని బోర్డున్న గది దాటాం. లోపల నర్సమ్మ ఒక్కర్తే ఫోను చూసుకుంటోంది.

తిరుగు బస్సులో పిన్ని, "వాము నమలమనమ్మా, గ్యాసు చిటికెలో పోద్ది" అంది. బుద్ధిగా తలూపాను. పరువు కాపాడుకున్నానట. రేకుల కొంపకు ఏం పరువో, దాన్ని తగలెయ్య.

నెల తిరక్కుండా వాడు అమ్మ మీద చెయ్యి చేసుకున్నాడు. అప్పటికి నాకు సిగ్గు చచ్చింది. "ఈసారి నేనే నిజం చెబుతాను, రారా" అన్నాను.

వాడు గట్టుకెళ్లడానికి చెప్పులేసుకుంటూ నా వైపు కూడా చూడలేదు.

"ఆ రోజు వచ్చాను కదక్కా" అన్నాడు.