నా లైనక్సుకు కనపడని డిస్కు

కిందటి ఆదివారం ఆళ్లగడ్డలో మా మేనకోడలు తన ల్యాప్‌టాప్‌లో ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపించి, పని కాగానే దాన్ని మూసేసి టీ పెట్టడానికి లేచిపోయింది. నేను మాత్రం అక్కడే నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను, ఎందుకంటే ఆ విద్యను మొదటిసారి చూసిన రోజున నా ఉద్యోగం గాలిలో దీపమై ఉంది.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక కార్యాలయపు మెయిన్‌ఫ్రేమ్ దగ్గర కొత్తగా చేరాను. మన కాలం వాళ్లకు చెప్పక్కర్లేదు, రెండు బీరువాలంత యంత్రం, చలి గది, చెప్పులు బయట విడిచి లోపలికి పోవడం. దాని మీద లైనక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడపాలని పైనుంచి మాట వచ్చింది. మా అధికారి నంద్యాల మనిషి, మాటల్లో మహా పొదుపరి. యంత్రానికీ లైనక్సుకూ మధ్య ఒక పొర వేసి, ఆ పొర మీద ఎన్నో లైనక్సులు నడపాలని ఆయన ఆలోచన. వేగం తగ్గించుకోవడానికి తప్ప పొర ఎందుకు, నేరుగా ఎక్కిద్దామని నేను వారం రోజులు వాదించాను, కుర్రతనపు పొగరు మరి. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఒక ఉదయం అంతా సిద్ధం చేసి నన్ను తెర ముందు కూర్చోబెడితే, నా మాటే నెగ్గిందనుకున్నాను.

కొత్త డిస్కును పూర్తిగా చెరిపి సిద్ధం చేయడం నా మొదటి పని. నంబరు కొట్టాను, అలాంటి డిస్కే లేదంది యంత్రం. విసుక్కుంటూ నంబరు రాసున్న కాగితం చూసుకుంటే ఒక అంకె తేడా. నేను కొట్టింది జిల్లాల కార్యాలయాలన్నీ ఆ క్షణాన పని చేసుకుంటున్న డిస్కు నంబరు. అది చెరిగిపోయి ఉంటే ఆ పూటే నా ఉద్యోగం ఊడేది.

దాచలేక వెళ్లి మా అధికారికి చెప్పేశాను. పొర వేసే ఉంచానని, తాను ఇచ్చిన డిస్కు తప్ప నా లైనక్సుకు ఇంకేదీ కనపడదని, అదే యంత్రంలో పక్కన ఇంకో ఇరవై లైనక్సులున్నా ప్రతిదీ యంత్రమంతా తనదే అనుకుంటుందని ఆయన నిదానంగా చెప్పాడు. వంతు నీళ్లు వచ్చిన పూట కాలువంతా తనదే అన్నట్టు గట్టు మీద నిలబడే మా నాయన గుర్తొచ్చాడు. అంతటి ఆశ్చర్యం నాకు జన్మలో మళ్లీ కలగలేదు. తేరుకుని, నా మీద నమ్మకం లేకనా అని అడిగాను.

"నమ్మకం లేక కాదప్పా. నేనూ ఒకతూరి ఇట్లనే డిస్కు తుడిచేసినా. ఆ పొద్దు నాకు అడ్డం పడేటోళ్లు ఎవురూ లేరు," అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ పొర ప్రతి పిల్ల ల్యాప్‌టాప్‌లోనూ ఉంది, దాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు, మంచిదే. తన తప్పును కింది వాడి ముందు అంత తేలిగ్గా ఒప్పుకున్న అధికారి మాత్రం నాకు మళ్లీ తారసపడలేదు. నేనూ అధికారినయ్యాను, నా కిందా కుర్రవాళ్లు పొరపాట్లు చేసి భయపడుతూ నిలబడ్డారు. ఆ అంకె తేడా సంగతి వాళ్లలో ఒక్కరికైనా చెప్పడానికి నాకు నోరు రాలేదు.