మేనత్త పోలిక

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను రావులపాలెం దగ్గర ఒక రిపేరు షెడ్డులో, ముందుభాగం నుజ్జయిన లారీ కింద టార్చి వేసి చూస్తున్నాను. "అత్త పోయిందమ్మా" అన్నారు నాన్న. దానికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నిజంగానా?" "నిజంగానేనమ్మా" అన్నారు నాన్న. చావు కబురు విని కూడా నిజమా అబద్ధమా అని అడిగిన మేనకోడలు బహుశా నేనొక్కదాన్నే ఉంటాను.

నా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోనివ్వండి. ఈ రెండేళ్ళలో ఆవిడ రెండుసార్లు ఒంట్లో అస్సలు బాగోలేదని కబురుపెట్టి నన్ను రాజమండ్రి నుంచి మండపేట రప్పించింది. మొదటిసారి ఆటో దిగి పరుగున లోపలికి వెళ్తే వంటింట్లో కూర్చుని పనసపొట్టు కూరకి ఆవ నూరుతోంది. "బాగోలేదన్నారు?" అన్నాను. "పొద్దున్న బాగోలేదు. ఇప్పుడు బానే ఉంది. కాళ్ళు కడుక్కురా, అన్నం తిందువుగాని" అంది. రెండోసారి దుప్పటి కప్పుకుని పడుకునే ఉంది గాని, నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే నా నుదురే ఎక్కువ వేడిగా ఉంది. మూడోసారి మాత్రం కబురేమీ పెట్టలేదు. తెల్లవారుజామున లేచి పాలు కాచి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయింది.

అనుమానించడం నా ఉద్యోగం కూడా. బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న బళ్ళు చూసి, చెప్పిన ప్రమాదమే జరిగిందా లేదా తేల్చాలి. ఎక్కువమంది చేసే మోసం ఒక్కటే. ఎప్పటిదో పాత సొట్టని నిన్నటి ప్రమాదంలో కలిపేస్తారు. దెబ్బ నిజమే, తేదీ అబద్ధం. సొట్టలో పట్టిన తుప్పు చూసి దాని వయసు చెప్పడం నాకు బాగా వచ్చు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ విద్య పనిచేయదని ఆలస్యంగా తెలిసింది.

నా మొహం గురించి చెప్పకపోతే మా మేనత్త గురించి ఏమీ చెప్పినట్టు కాదు. నాన్న బియ్యం మిల్లుల్లో ఫిట్టరు. పెళ్ళైన కొత్తలో ఒక మిల్లు బిగించడానికి నేపాల్ వెళ్ళి, అక్కడే ఉద్యోగం దొరికి అమ్మతో సహా కొన్నేళ్ళు ఉండిపోయారు. పిల్లలు కలగలేదు. అక్కడి కొండల్లో ఒక ఊళ్ళో అనాథ పిల్లల ఇంటి నుంచి నన్ను తెచ్చుకున్నారు. అప్పటికి నాకు రెండేళ్ళు. ఆ దేశం కాగితాలూ ఈ దేశం కాగితాలూ పూర్తయి మండపేటలో మిల్లు రోడ్డు మీద ఇంటికి చేరేసరికి నాలుగో ఏడు వచ్చింది. సన్న కళ్ళు, చదును ముక్కు, గుండ్రటి బుగ్గలు, ఎర్రటి రంగు. ఆ ఇంట్లో అప్పటికే నాన్నగారి అక్క ఉంది. చిన్న వయసులోనే భర్త పోయి, పిల్లల్లేక, పుట్టింటికి వచ్చేసిన మనిషి. పొడుగ్గా, నల్లగా, ఇంత ముక్కుతో, చారడేసి కళ్ళతో ఉండేది.

మన వైపు ఆడపిల్లని చూడగానే ఎవరి పోలికని అడుగుతారు గదా. తల్లి పోలిక కాకపోతే మేనత్త పోలిక అంటారు. మా మేనత్త ఆ మాటని గట్టిగా పట్టుకుంది. నాకు ఆరేళ్ళప్పుడు అన్నవరం వెళ్ళే బస్సులో పక్క సీటావిడ చాలాసేపు నన్నే చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఈ పాప మీకు ఏమవుతుందండి?"

"మా తమ్ముడి కూతురండి. అచ్చం మేనత్త పోలిక."

ఆవిడ నన్ను చూసింది, అత్తని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అత్త కంగారు పడలేదు.

"చిన్నప్పుడు నా మొహం కూడా ఇలాగే ఉండేదండి. పెద్దయ్యాక సాగింది."

అంతే, ఆవిడ అన్నవరం దాకా మళ్ళీ నోరెత్తలేదు, మేం దిగినా కిటికీలోంచి చూస్తూనే ఉంది. నేను మాత్రం నమ్మాను. రెండేళ్ళపాటు అద్దం ముందు నిలబడి మొహం సాగిందేమో అని చూసుకున్నాను. పదేళ్ళు వచ్చేసరికి అది సాగదని తెలిసింది, ఆవిడ చెప్పేవన్నీ అబద్ధాలని కూడా అప్పుడే తెలిసింది.

అబద్ధమని తెలిశాక వచ్చే ప్రశ్న ఒకటే, ఎందుకు అని. నాకు పదకొండేళ్ళప్పుడు దానికి జవాబు దొరికిందనుకున్నాను. మా వీధికి నెలకోసారి ఒక గూర్ఖా వచ్చేవాడు. ఎప్పుడూ పెద్దవాళ్ళే తలుపు తీసేవారు, ఆ రోజు నేను తీశాను. అతను నన్ను చూసి ఆగిపోయాడు. మొహం నిండా నవ్వుతో వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, అద్దంలో నేను రోజూ చూసుకునే మొహానికి అది చుట్టం మొహం. ఇంకో నిమిషం నిలబడాలనిపించింది. ఇంతలో అత్త వచ్చి నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగి, అతని మొహం మీదే తలుపు వేసింది.

అప్పుడు తేల్చుకున్నాను, నేనంటే ఈవిడకి సిగ్గు అని. నన్ను దాస్తోంది, దాచలేని చోట అబద్ధంతో కప్పేస్తోంది. ఆనాటి నుంచి సాక్ష్యాలు పోగేయడం మొదలుపెట్టాను. బస్సులో నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి తను అడ్డంగా కూర్చునేది. పెళ్ళిళ్ళలో గోడ పక్క కుర్చీ చూపించేది. బడిలో ఎవరైనా నా పుట్టుక గురించి అడిగితే నా కంటే ముందు తనే జవాబు చెప్పేది. ఒక్కొక్కటీ వింటే ఏమీ లేదు, అన్నీ కలిపి చూస్తే కేసు గట్టిదే.

అలాగని ఆవిడ నాతో కఠినంగా ఉండేది కాదు. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి, వంకాయ కూడా కోసి చూపిస్తేగాని కొనేది కాదు. పాలు వేలికి రాసుకుని చూసేది. కొత్త సబ్బు కాగితం విప్పి వాసన చూసి, మళ్ళీ చుట్టి, "ఇది పోయిన నెల వాసన కాదు" అనేది. నా అన్నంలో మాత్రం నెయ్యి చూసుకోకుండా వేసేది. ఆ నెయ్యి మీద కూడా నాకు అనుమానమే. జాలి ఏమోనని.

ఎడమ చెయ్యి సంగతి కూడా ఇలాంటిదే. నాది ఎడమ చేతివాటం. అమ్మకి అది ఎంతమాత్రం నచ్చేది కాదు, పెన్సిలు పట్టుకుంటే చేతి మీద ఒకటి వేసేది. ఒకరోజు అత్త అడ్డం వచ్చింది. "అన్నం కుడిచేత్తో తిననీ, చాలు. మిగతా పన్లు దాని ఇష్టం. నాదీ ఎడం చెయ్యే గదా, మేనత్త పోలిక" అంది. నిజంగానే ఆవిడ ఎడమ చేత్తోనే సూదిలోకి దారం ఎక్కించేది, ఎడమ చేత్తోనే ముగ్గు వేసేది. ముగ్గు వంకర్లు పోయేది. ఎదురింటావిడ "ఏంటండీ, ఇవాళ కూడా ముగ్గు తిన్నగా రాలేదా?" అని వేళాకోళం చేస్తే, "మీ ఇంటి ముందు వాలు ఎక్కువండి" అనేది. ఎడమ మణికట్టు మీద వేలెడు పొడుగున కాలిన మచ్చ కూడా చూపించేది. పుట్టింటివాళ్ళు ఇంకా ఆత్రేయపురంలో ఉన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, ఎడమ చేత్తో పూతరేకులు తీస్తూ వేడి కుండకి చెయ్యి తగిలి కాలిందని చెప్పేది.

మూడేళ్ళ క్రితం నేను నేపాల్ వెళ్తానన్నాను. నాన్న సరే అన్నారు, అమ్మ ఏడ్చి సరే అంది. అత్త మాత్రం "అక్కడేముంది?" అంది. ఇరవై ఏళ్ళుగా మనసులో దాచుకున్నది అప్పుడు కక్కేశాను.

"నేనంటే నీకు సిగ్గు. అందుకే ఊరందరికీ అబద్ధాలు చెప్పావు. నా గురించి నువ్వు చెప్పినవాటిల్లో ఒక్కటైనా నిజముందా?"

ఆవిడ ఎడమ చెయ్యి నా ముందు చాపి, మచ్చ చూపించి, "ఇది నిజం" అంది. కాలిన మచ్చతో వాదించలేక ఊరుకున్నాను. మిగతా అంతా అబద్ధమైనా ఎడమ చేతివాటం ఒక్కటి కాకతాళీయంగా కలిసిందనుకున్నాను.

కొండల్లో ఆ ఊరు వెళ్ళాను. పిల్లల ఇల్లు ఎప్పుడో మూసేశారు, అక్కడ ఇప్పుడు కుట్టుపని నేర్పుతున్నారు. పాత రిజిస్టరులో నా గురించి ఒక్క వరుస ఉంది. ఏడాది పిల్ల, గేటు దగ్గర దొరికింది, ఎర్ర స్వెట్టరు. తల్లి పేరు లేదు, ఊరు లేదు. వీధిలోకి వస్తే అన్నీ నా మొహాలే. నాలుగు రోజులు ఎవరూ నన్ను వింతగా చూడలేదు, కానీ పలకరిస్తే జవాబు చెప్పలేని నన్ను చూసి పొగరనుకున్నారు. మొహం సరిపోయింది, నోరు సరిపోలేదు. తిరిగొచ్చాక అత్త ఒక్కటే అడిగింది.

"అక్కడ నిన్నెవరూ ఎవరమ్మాయివని అడగలేదా?"

"లేదు."

"అడగలేదా" అని కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళకి నువ్వెవరో ఎలా తెలుస్తుంది?" అంది.

ఆ రోజే గూర్ఖా మీద తలుపు ఎందుకు వేశావని కూడా అడిగాను. మర్చిపోయి ఉంటుందనుకున్నాను, మర్చిపోలేదు. "వాడు నిన్ను చూసి నవ్వాడు. తనవాళ్ళని చూసి నవ్వే నవ్వది. నాకు భయం వేసింది" అంది. వినడానికి బాగానే ఉంది. కానీ బాగా వినబడే జవాబుల్ని ఒకటికి రెండుసార్లు చూడమని నా ఉద్యోగం నేర్పింది. నమ్మాననీ చెప్పలేదు, నమ్మలేదనీ చెప్పలేదు. ఆవిడ ఉన్నంతకాలం ఆ విషయం అలాగే ఉండిపోయింది, అదే నాకు ఇప్పుడు బాధ.

పెద్దకర్మ రోజు ఆత్రేయపురం నుంచి ఒక పెద్దావిడ పలకరింపుకి వచ్చింది. అత్త చిన్ననాటి స్నేహితురాలు, ఇప్పటికీ పూతరేకులు తీస్తుంది. భోజనాలయ్యాక పందిట్లో నా పక్కన కూర్చుని, అత్త చేతిపని గురించి చెప్పుకొచ్చింది. "కుండ మీద గుడ్డ ఇలా లాగి అలా రేకు లేపేసేది. మా అందరిలో దాని కుడిచెయ్యే చురుకు" అంది.

"కుడిచెయ్యేంటండి? అత్తది ఎడం చెయ్యి" అన్నాను.

"ఎవరన్నారు? చిన్నప్పట్నుంచి ఎరుగుదును. కుడిచేతి మనిషే."

"మరి మణికట్టు మీద మచ్చ? పన్నెండేళ్ళప్పుడు కాలింది గదా."

పెద్దావిడ నా వైపు తిరిగింది. "అది మా పెరట్లో కాలిందమ్మా. నిన్ను తీసుకొచ్చిన ఏడాది. దానికప్పుడు నలభై దాటాయి" అంది.

నేను ఊరుకోలేదు. ఏ నెల, ఎవరెవరున్నారు, ఏ చెయ్యి అని వరసగా అడిగాను. దుఃఖంలో ఉన్నదాన్ని ఓదార్చడానికి చెప్తోందేమోనని అనుమానం వచ్చింది. ఆవిడకి విసుగొచ్చింది. "మీ అత్త కూడా ఇంతే, చెప్పింది ఓ పట్టాన నమ్మేది కాదు. మీ నాన్ననడుగు" అంది. నాన్న వైపు చూశాను. అన్నీ విన్నారు. "నాకు తెలుసమ్మా. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది" అని కుర్చీలు సర్దడానికి లేచారు.

దెబ్బ నిజం, తేదీ అబద్ధం. రోజూ పట్టుకునే మోసం, నా ఇంట్లో ముప్ఫై ఏళ్ళు నా కళ్ళ ముందు తిరిగితే పట్టుకోలేకపోయాను. పాతదాన్ని కొత్తదని చెప్పేవాళ్ళనే చూశాను గాని, కొత్తదాన్ని పాతదని చెప్పే మనిషిని చూడలేదు. సిగ్గుపడే మనిషైతే నన్ను తనలా మార్చాలని చూసేది. ఈవిడ తన చేతినే నా చేతిలా మార్చుకుంది. పందిట్లో అందరి ముందూ పెద్దగా ఏడ్చాను, పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

పెద్దావిడ మిగతాది కూడా చెప్పింది. ఆ రోజు పొద్దున్నే అత్త ఒక్కతే బస్సు దిగి వాళ్ళింటికి వెళ్ళిందట. ఖాళీగా ఉన్న కుండ ఒకటి ఇమ్మని, ఎడమ చేత్తో రేకులు తీస్తానందట. పిచ్చా అని అడిగితే, "మా పిల్లది ఎడం చెయ్యే. అదొక్కతే అయితే వింత. ఇద్దరం ఉంటే పోలిక. ఈ చేత్తో రేకు తీయగలిగితే ఇంకేదైనా చేసేస్తాను" అందట. చిన్నప్పట్నుంచి పండిన కుడిచెయ్యి పక్కన పెట్టి, నలభై దాటిన మనిషి పొగలో కూర్చుని, గుడ్డ లాగిన ప్రతిసారీ రేకు చింపుకుంది. మధ్యాహ్నానికి మణికట్టు కాలింది. తడిగుడ్డ చుట్టుకుని మళ్ళీ కూర్చుంది. చిరిగిన రేకులు పక్కన గుట్ట పడితే వీధి పిల్లలు బెల్లం అద్దుకుని తినేశారు. పొద్దు వాలాక ఒక్క రేకు, ఒకే ఒక్కటి, చిరగకుండా లేచింది. దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, గాలికి పోతుందని ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ పెరట్లోంచి వీధి గుమ్మం దాకా వచ్చి, దారిన పోయేవాళ్ళకి చూపించిందట.