తీర్పు అయ్యాకే టీ

మా ఎదురు ఫ్లాటు చెల్లెమ్మ పోయింది. పొద్దున్నే ఆమె తమ్ముడు దవాఖాన నుంచి ఫోన్ చేసి, “మా అక్క వెళ్లిపోయిందండీ” అన్నాడు. గుండె జబ్బు ముదిరిందని మాకు తెలుసు.

ఆమె పనేమిటో మీకు చెప్పాలి. కొత్తగా విడుదలైన వీడియో గేములు చివరిదాకా ఆడి, ఎలా ఉన్నాయో తన ఛానల్లో తెలుగులో చెప్పేది. ఆఖరున ఒకటే మాట. “కొనండి”, లేదా “ఆగండి”, లేదా “వద్దు”. రాయదుర్గం మెట్రోలో ఒకసారి పక్కనున్న పిల్లల ఫోన్లో ఆమె ముఖం కనిపించింది. “మా చెల్లెమ్మే! మణికొండలో మా ఎదురిల్లే!” అని పెట్టెలో అందరికీ వినబడేలా చెప్పుకున్నాను.

ఆమెకో నియమం ఉండేది. ఎవరి గేము ఆడుతోందో, తీర్పు చెప్పేదాకా వాళ్లింట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు.

మా బిడ్డ, ముగ్గురు స్నేహితులు ఉద్యోగాలు మానేసి, కిరాయి గదిలో కూర్చుని ఒక గేము చేశారు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరును ఇరుకు గల్లీల్లో నడిపి, ఎదురుచూస్తున్న అపార్టుమెంట్లకు నీళ్లు చేర్చాలి. అది విడుదలైన రోజే లిఫ్టులో కలిస్తే, “రా చెల్లే, చాయ్ తాగుదువు” అన్నాను.

“తీర్పు అయ్యాకే టీ, అన్నయ్యగారూ” అని నవ్వింది.

తీర్పు వచ్చింది. “ఆగండి.” దారిలోనే ట్యాంకు ఖాళీ అవుతోంది, నీళ్లు ఎక్కడ ఒలికాయో ఆడేవాళ్లకు తెలియడం లేదంది. “ఓడించండి, ఫర్వాలేదు. ఎందుకు ఓడిపోయామో మాత్రం చూపించండి.” కొనేవాళ్లు నిజంగానే ఆగిపోయారు. ఆ సాయంత్రం ఆమె వచ్చి మా బెల్లు కొట్టింది, టీకి!

“నాయనా, మా కొంప ముంచినామెకు చాయ్ పోస్తవా?” అంది మా బిడ్డ, గుమ్మంలో ఉన్న మనిషికి వినబడేలాగే.

“పొయ్యక? ఎదురింటి ఆడబిడ్డనే!” అన్నాను.

చెల్లెమ్మ మొహం మాడ్చుకోలేదు. “సరిచెయ్యమ్మా. మళ్లీ మొదటి నుంచి ఆడతాను, మళ్లీ చెప్తాను. పంచదార తగ్గించండి అన్నయ్యగారూ” అని కూర్చుంది.

పిల్లలు సరిచేశారు. ఇంకోసారి “ఆగండి” వస్తే గది ఖాళీ చేసి ఎవరి ఉద్యోగాలు వాళ్లు వెతుక్కోవాలని అనుకున్నారు. చెల్లెమ్మ మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. “ముందు ఆడిన గల్లీలు వదిలెయ్ చెల్లే” అన్నాను.

“సగం ఆడి చెబితే చాడీ అవుతుందండీ. మొత్తం ఆడితేనే తీర్పు.”

ఆమె ఇంట్లోంచి ట్యాంకరు హారన్ వినబడితే మాకు ఊపిరి ఆడేది. ఒక్కో రోజు వినబడేది కాదు. మా బిడ్డ తలుపుకు చెవి ఆనించి నిలబడేది.

“నాయనా, ఇయ్యాల చప్పుడే లేదు.”

“దవాఖానకు పోయుంటది. జర ఓపిక పట్టు.”

“ఆమె పాణం కోసం మొక్కాల్నా, తీర్పు కోసం మొక్కాల్నా?”

“రెండిటికీ మొక్కు బిడ్డా.”

ఒక సాయంత్రం బెల్లు మోగింది. గోడకు ఆనుకుని, చెమటలు తుడుచుకుంటూ చెల్లెమ్మ. “టీ ఉందా అన్నయ్యగారూ?”

అంటే తీర్పు అయిపోయింది! ఏమని? మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. “ఫోన్లో చూసుకోండి. గుమ్మంలో తీర్పులు చెప్పను.” బిడ్డ కంగారులో ఫోన్ లాక్ నంబరే తప్పు కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరం కదల్లేదు. చివరికి వీడియోలో ఆమె గొంతే చెప్పింది, “కొనండి” అని.

ఈ వయసులో నేను పెట్టిన కేకకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆ సంతోషం ఈ దుఃఖంలో కూడా దాగడం లేదు, ఏం చెయ్యను! ఆ ఆనందంలో ఆమె గ్లాసులో ఎంత పంచదార పోశానో నాకే తెలియదు.

“ఇది టీయా, పాకమా అండీ?” అంటూనే మొత్తం తాగింది. మా బిడ్డ ఆమె పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుని, “అత్తా, కోపం లేదు గదా?” అంది.

“నాకెందుకే? ఇంకో గేము మొదలుపెట్టావో, మళ్లీ మీ ఇంట్లో టీ బంద్!”

అదే ఆమె మా ఇంట్లో తాగిన ఆఖరి టీ.

సమాధి కార్యక్రమం నుంచి తిరిగొచ్చాక బిడ్డ టీవీ ముందు కూర్చోబెట్టి, ఆ గేము ఆడే మీటల డబ్బా మొదటిసారి నా చేతుల్లో పెట్టింది. ట్యాంకరు నడిపాను. అపార్టుమెంటు చేరేసరికి చుక్క నీళ్లు లేవు. బిడ్డ ఆటను వెనక్కి తిప్పి చూపించింది. నేను జోరుగా తిప్పిన మలుపు దగ్గర రోడ్డంతా తడి. అక్కడి నుంచి నా వెనకాలే సన్నటి చార. చెల్లెమ్మ అడిగింది ఇదే.

“మళ్లా ఆడు నాయనా” అంది.

“జరసేపు ఆగు బిడ్డా” అన్నాను. టీవీ బొమ్మలోని ఎండకు ఆ చార ఒక్కో చోటే ఆరిపోతోంది. మలుపు దగ్గరి తడి కూడా ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.