సోయి లేనోనికి నీళ్లు

కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో, కథలాపూర్ దాటాక, నా ముందు సీట్లో పెద్దాయన స్పృహ తప్పి ఒరిగిపోయాడు. అందరూ "నీళ్లు, నీళ్లు" అని అరిచారు. నేను సీసా మూత తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను. వెనక నుంచి ఒకమ్మాయి వచ్చి నా చెయ్యి ఒక్క తోపు తోసింది. నీళ్లన్నీ నా అంగీ మీద పడ్డాయి.

"సోయి లేనోనికి నీళ్లు పోస్తరా? ఊపిరితిత్తులల్లకు పోతయి. సచ్చిపోతడు!"

ఆయన్ను పక్కకు తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకుంది. గొంతులో గరగర ఆగింది.

నాకు ఒళ్లు మండింది. "మంచికే పోస్తున్న గద బిడ్డా! గింత కోపమేంది?"

"అంబులెన్సుల పనిజేస్త సార్. గొంతుల గొట్టం ఏసుడు, గుండెకు షాక్ ఇచ్చుడు అన్నీ నేర్పిన్రు. మేం అచ్చేసరికే మీరు మంచికని నీళ్లు పోసి పెడ్తరు. గా నేర్సుకున్నదంత ఏం జేసుకోవాలె?"

ఆమె ఫోన్ చేసి పిలిపించిన అంబులెన్స్ రుద్రంగి దగ్గర ఎదురొచ్చింది. ఆయనతో పాటు ఆమె కూడా ఎక్కి వెళ్లిపోయింది.

సిరిసిల్ల దాకా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. బస్సు దిగాక చేతిలోని ఖాళీ సీసా చూసుకున్నాను. మరమగ్గం దగ్గర స్పృహ తప్పి పడిపోయిన మా నాయిన నోట్లో గ్లాసెడు నీళ్లు పోసింది నేనే. "కొడుకు చేతి నీళ్లు తాగి పోయిండు" అని వాడంతా అంటే, ఇన్నేళ్లూ అది గొప్పగా చెప్పుకున్నాను.