ఒక కంబం ఉరుకుడు, ఒక కంబం నడక

మా పెద్దమ్మ పోయిందన్న కబురును చివరి ఆరు మైళ్లు మోసుకొచ్చింది నేనే. నేను టప్పా రన్నరును. మా దిక్కున తపాలాను టప్పా అంటాం. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు ఉత్తరాల సంచి చేతులు మారుతూ వస్తుంది, ఆఖరి మజిలీ నాది. పోయిన బుధవారం సంచి దింపి, చెంబెడు నీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని కాళ్లు పిసుక్కుంటుంటే లోపల్నుంచి గుమాస్తా పిలిచాడు. "నీకే కార్డు" అన్నాడు. పెద్దమ్మ మిర్యాలగూడలో, కూతురింట్లో, నిద్రలోనే పోయిందట. ఆ రోజు నేను మహా హుషారుగా ఉరికాను, రోజూకన్నా ముందే చేరాను. సంచిలో ఏముందో తెలిసి ఉంటే నీ కాళ్లు ఆడేవా అని చాలామంది అడిగారు. ఆడేవి. ఆగితే ఆమె ఊరుకునేదా?

కార్డు చదివి ఏడ్చాను, దాచేదేముంది. కానీ ఆమెను తలచుకుంటే ఏడుపుకన్నా నవ్వే ముందొస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా అమ్మానాన్నలు పోయాక నన్ను తన దగ్గరికి తెచ్చుకుని పెంచింది. సూర్యాపేటలో నాలుగిళ్లకు వడ్లు దంచి బతికింది. పొట్టి మనిషి, కానీ ఆమె జబ్బలు చూసి మగవాళ్లు కూడా తువ్వాలు భుజాల మీద కప్పుకునేవాళ్లు. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాకిట్లో నిలబడి పిలిస్తే వేరే వాడలో పిల్లలు కూడా "ఆఁ, వస్తున్న" అనేవాళ్లు.

మూడేళ్ల కింద మా మేనమామ నన్ను తిరుమలగిరి దిక్కున ఒక దొర దగ్గర జీతానికి పెడతానని మాట ఇచ్చి వచ్చాడు. ఉగాది నాటి నుంచి. జీతగాడంటే పేరుకే జీతం. పొద్దు లేదు, రాత్రి లేదు, పిలిస్తే పలకాలి, కొడితే పడాలి, ఇక మనిషి మనవాడు కాడు. అది విని పెద్దమ్మ మూడు రోజులు మేనమామతో మాట్లాడలేదు. నాలుగో రోజు టప్పా ఆఫీసు దిక్కు నుంచి ఒక వార్త తెచ్చింది. పాత రన్నరుకు మోకాళ్లు పట్టేశాయట, ఇంకొకణ్ణి తీసుకుంటారట. రెండు నెలలకు పరుగు పరీక్ష. కోదాడ రోడ్డు మీద మూడో మైలురాయి దాకా పోయి తిరిగి రావాలి, సంచి మోస్తూ. మొదట వచ్చినవాడికే నౌకరీ.

మరునాటి నుంచి మొదలుపెట్టాను చూడండి! పొద్దున్నే లేచి, ఊపిరి బిగబట్టి, కనబడినంత దూరం ఉరికేవాణ్ణి. పక్కలో పోటు వచ్చేది, కక్కు వచ్చేది, ఇంటికొచ్చి బోర్లా పడిపోయేవాణ్ణి. మర్నాడు పిక్కలు రాళ్లయ్యేవి. అయినా మళ్లీ అంతే దూరం. పది రోజులకు మొదటి రోజుకన్నా నెమ్మదిగా ఉరుకుతున్నాను.

పెద్దమ్మ రోకలి పక్కన పెట్టి నా పిక్కలు నొక్కి చూసింది.

"ఎవడు నేర్పిండురా నీకు గిట్ల ఉరుకుడు?"

"ఉరుకుడు ఒకరు నేర్పాల్నా పెద్దమ్మా?"

"మరి నన్ను సూడు. పొద్దుగాల్నుంచి దంచుతున్న, నా చెయ్యి పడిపోయిందా? ఒక వాయి దంచుత, ఇగ దాన్ని చెరుగుత. చెరుగుతుంటే ఊపిరి నిమ్మళమైతది. మళ్ల ఇంకో వాయి. కొత్త కోడండ్లు ఉంటరు సూడు, చెరగకుండ దంచుడే దంచుడు, మర్నాడు చెయ్యి లేవక అన్నం గూడ తినరు. నువ్వు గా కొత్త కోడలి తీర్గ ఉన్నవ్."

తెల్లారి నన్ను కోదాడ రోడ్డుకు పట్టుకుపోయింది. రోడ్డు వెంట తార్ కంబాలు, అదే టెలిగ్రాఫ్ స్తంభాలు, వరసగా ఉంటాయి కదా, వాటిని చూపించింది. ఒక కంబం నుంచి ఇంకో కంబం దాకా ఉన్న బలమంతా పెట్టి ఉరకాలి, అది దంచుడు. తరువాతి కంబం దాకా నడవాలి, అది చెరుగుడు. "నిలబడొద్దు, కూసోవద్దు. చేతులు ఆడిచ్చుకుంట నడువు" అని హుకుం. తాను కల్వర్టు మీద చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. ఆమె ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"నిన్న ఏం తిన్నవ్?"

"జొన్న... రొట్టె... పచ్చి..."

"నడువు, నడువు. ఇంక చెరుగు."

జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ అని ఒక్క ఊపిరిలో చెప్పగలిగితేనే మళ్లీ ఉరకడానికి సెలవు. ఆ దారిన పోయే బండ్లవాళ్లు ఈ సవాలు జవాబులు విని, పిల్లవాడికి తిండి సరిగ్గా పెట్టడం లేదేమో అని ఆమెను నిలదీశారు కూడా.

వారంలో ఒకరోజు పరుగు పూర్తిగా బందు. శుక్రవారం ఆమె రోకలి ముట్టదు, నన్ను రోడ్డు ముట్టనివ్వదు. ఒక శుక్రవారం దొంగతనంగా ఉరికి వచ్చాను. తిట్లు వాకిలి దాటి వినిపించాయి. "కండ పని జేసినప్పుడు పెరగదు బిడ్డా, పండుకున్నప్పుడు పెరుగుతది. దాని నిద్ర దానికియ్యి" అంది చివరికి, నూనె రాస్తూ.

నెల తిరిగేసరికి రెండు కంబాలు ఉరికి ఒక కంబం నడుస్తున్నాను. తరువాత మూడు కంబాలు ఉరుకుడు, ఒక కంబం నడక. పక్కలో పోటు ఎప్పుడు మానిందో నాకే తెలియదు. పిక్కలు గట్టిపడ్డాయి కానీ రాళ్లలాగా కాదు, నొక్కితే దిగి మళ్లీ లేచేవి.

పరీక్షకు ముందు దవాఖానలో ఒళ్లు బాగుందని కాగితం రాయించుకోవాలంటే వెళ్లాను. డాక్టరు సాబు నాడి పట్టుకుని చాలాసేపు గడియారం చూశాడు.

"ఏం కసరత్తు చేస్తవ్?"

"వడ్లు దంచుత సాబ్" అన్నాను కంగారులో.

సంగతంతా చెప్పించుకుని నవ్వాడు. "గుండె గూడ కండనే. జర ఉరికించుడు, జర ఆరామ్ ఇచ్చుడు, మళ్ల ఉరికించుడు. గట్ల చేస్తే ఒక్క దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తది. అందుకే నీ నాడి నిమ్మళంగ ఉన్నది. నీ ఉస్తాద్ ఎవరు?"

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే పెద్దమ్మ మొహం చాటతో కప్పుకుని నవ్వింది. "గింత దానికి డాక్టరెందుకురా!" అంది. కానీ ఆ సాయంత్రం నాలుగిళ్లలోనూ ఆ మాట చెప్పి వచ్చిందని నాకు తెలుసు.

పరీక్ష రోజు కల్వర్టు దగ్గర ఆరుగురం నిలబడ్డాం. సైకిల్ మీద ఇన్‌స్పెక్టరు. పెద్దమ్మ తన కల్వర్టు మీద. ఆమెకు దూరంగా మా మేనమామ, దొరకు ఏం చెప్పాలా అన్న మొహంతో. ఇన్‌స్పెక్టరు సీటీ ఊదాడు. నేను బాగా ఉరికాను, మూడు కంబాలు. మూడో కంబం దాటగానే నడక మొదలుపెట్టాను!

ఏం చేయను? రెండు నెలల అలవాటు. పరీక్షలో నడక ఉండదన్న ముక్క నాకు తట్టలేదు, అంత తెలివిగల పెద్దమ్మకూ తట్టలేదు. ఒక్కనాడైనా నడవకుండా ఉరికి చూసుకోలేదు మేము. మిగతా ఐదుగురూ దుమ్ము లేపుకుంటూ పోయారు. నేను చేతులు ఆడిస్తూ, షికారుకు వచ్చినట్టు నడుస్తున్నాను. వాళ్లలో కోదాడ నుంచి వచ్చినతను ఒకడు వెనక్కి తిరిగి "అదేంటయ్యా, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. వెనక నుంచి కేక వచ్చింది.

"ఒరే! ఇయ్యాల చెరుగుడు లేదురా! అంత దంచుడే! ఉరుకు, నీ కాళ్లిరుగ!"

ఉరికాను. భయంతోనే ఉరికాను. ప్రతి మూడో కంబానికీ కాళ్లు ఆగబోయేవి, చెవుల్లో ఆ కేక మోగేది. మొదటి మైలు దాటాక ఒక వింత తెలిసింది. నడక లేకపోయినా ఊపిరి తనంతట తానే కుదురుకుంటోంది. ముందు దుమ్ము లేపినవాళ్లు మూడో మైలురాయి దగ్గర ఒక్కొక్కరే చింతచెట్ల కింద కూలబడుతున్నారు. తిరుగు దారిలో ఇద్దరమే మిగిలాం, కోదాడ అతను ముందు, నేను వెనక.

కల్వర్టు కనబడుతోంది. నాలో ఇంకా ఉందా, అయిపోయిందా తెలియలేదు. అప్పుడు నాకు నేనే పైకి చెప్పుకున్నాను: "జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ." ఒక్క ఊపిరిలో వచ్చేసింది! కోదాడ అతను నా వైపు చూసి ఏదో అనబోయాడు, నోట మాట రాలేదు. అతణ్ణి దాటి వచ్చేశాను.

ఇన్‌స్పెక్టరు నా పేరు రాసుకున్నాడు. మేనమామ దగ్గరికి వచ్చి, "మరి దొరకు నేనేం జెప్పాలె?" అని గొణిగాడు.

"పోరడు సర్కారు నౌకరీల వడ్డడని జెప్పు" అంది పెద్దమ్మ. నా తల నిమరలేదు, దగ్గరికి తీసుకోలేదు. వంగి నా పిక్క ఒకసారి నొక్కి చూసి, "మంచిగున్నది" అంది. వాయి సగంలో వదిలి వచ్చానని, పోవాలని చాట చంకన పెట్టుకుని ఊరి దిక్కు నడిచింది.

అందరూ నా చుట్టూ మూగారు. నేను మాత్రం ఆమె వైపే చూస్తున్నాను. కొంత దూరం పోయాక ఆగి, ముందుకు చూసింది, పక్కలకు చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. మా వైపు మాత్రం తిరగలేదు. కొంగు నడుముకు దోపింది. చీర కొంచెం పైకి ఎత్తి పట్టుకుంది. యాభై దాటిన మా పెద్దమ్మ, కంబం నుంచి కంబానికి ఉరకడం మొదలుపెట్టింది. పొట్టి కాళ్లు, గాలిలో ఊగుతున్న చాట. తరువాతి కంబం వచ్చింది. నడుస్తుందనుకున్నాను. నడవలేదు. ఆ తరువాతి కంబం దగ్గర కూడా ఆగలేదు.